మన ఎండకు వడ్డీ ఎక్కువ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో సోలార్ కరెంటు మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా విషయాలు బాగా చెప్పారు. కానీ చివర్లో ఒక మాట రాశారు, యూరప్ ప్రజలకు పర్యావరణం మీద చైతన్యం ఉంది కాబట్టి అక్కడ సోలార్, గాలిమరలు వచ్చాయి, మన జనానికి అవగాహన లేదు కాబట్టి మనం వెనకబడ్డాం అని. ఆ మాట నాకు మింగుడు పడలేదు. రెండు రోజులు షాపులో పని చేస్తున్నంతసేపూ అదే బుర్రలో తిరిగింది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, వీలుంటే మొత్తం వేయండి.

నేను దేవరకొండలో ఇరవై ఆరేళ్లుగా మోటార్ వైండింగ్ పని చేస్తున్నాను. మార్చి నుంచి జూన్ దాకా నా షాపు ముందు నడవడానికి దారి ఉండదు, కాలిపోయిన బోరు మోటార్లు వరుసగా పడుకోబెట్టి ఉంటాయి. బత్తాయి రైతులు పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చుంటారు, సాయంత్రానికి మోటార్ చేతికి రాకపోతే చెట్లు వాడిపోతాయని వాళ్ల భయం. మోటార్ విప్పితే లోపల తీగ మీది ప్లాస్టిక్ కరిగి అంతా ఒక్క ముద్దై ఉంటుంది. వోల్టేజీ పడిపోయినా, ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అందక మోటార్ ఉత్తగా తిరిగినా ఇదే గతి. కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతకు వస్తుంది, దాని ఖర్చు ఎవరు మోస్తున్నారు అన్నది ఇరవై ఆరేళ్లుగా రోజూ నా కళ్ల ముందే ఉంది. అట్లాంటి రైతును పట్టుకుని నీకు అవగాహన లేదు అంటే నేను ఒప్పుకోను. రాత్రి రెండు గంటలకు లేచి చేనికి పోయి స్టార్టర్ ఆన్ చేసిన మనిషికి కరెంటు విలువ ఇంకొకరు చెప్పాలా?

మా అక్క కొడుకు జర్మనీలో చదువుకుంటున్నాడు. మొన్న డిసెంబర్‌లో వీడియో కాల్ చేసి వాళ్ల బాల్కనీ చూపించాడు. రెయిలింగ్‌కు రెండు సోలార్ ప్యానెళ్లు కట్టి ఉన్నాయి, వాటి వైరు తెచ్చి గోడకున్న మామూలు ప్లగ్గులో పెట్టారు, అంతే. అక్కడ 800 వాట్ల దాకా ఇట్లా ఎవరైనా పెట్టుకోవచ్చట. కిరాయికి ఉండేవాళ్లు పెట్టుకుంటామంటే ఇంటి ఓనరు ఊరికే కాదనడానికి వీల్లేకుండా 2024లో చట్టం కూడా మార్చారు. బయట చూస్తే మబ్బు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. "మామా, ఎండ చూసి పది రోజులైంది" అన్నాడు. అప్పుడు నేను మా డాబా మీద నిలబడి ఉన్నాను, డిసెంబర్‌లో కూడా పొద్దున పదింటికే నెత్తి మాడుతున్నది.

ఆ దేశంలో ఒక కిలోవాట్ సోలార్ ఏడాదికి సుమారు వెయ్యి యూనిట్లు ఇస్తుంది. అదే మా డాబా మీదైతే 1,400 దాటుతుంది. అయినా 2025 మొదట్లో జర్మనీలో ఉన్న సోలార్ దాదాపు 100 గిగావాట్లు (ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు), మన ఇండియా మొత్తం కలిపి 100 దాటింది కూడా సరిగ్గా అదే సమయంలో. జర్మనీ జనాభా 8 కోట్ల పైచిలుకు, 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా ఎంతో ఇంచుమించు అంతే. ఆఫ్రికా చూడండి, ప్రపంచంలో సోలార్‌కు మేలైన చోట్లలో 60 శాతం అక్కడే ఉన్నాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెప్పింది, కానీ ప్రపంచంలో పెట్టిన సోలార్‌లో ఆ ఖండం వాటా ఒక్క శాతం దగ్గర ఆగింది. అంటే ఎండ ఉంటే చాలదు. ఆఫ్రికా వాళ్లకు కూడా చైతన్యం లేదని సరిపెట్టుకుందామా?

నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది వడ్డీ.

థర్మల్ ప్లాంటుకు కొంత పెట్టుబడి ముందు పెడతారు, ఆ తర్వాత బొగ్గు ఖర్చు ఏ రోజుకారోజు ఉంటుంది. సోలార్‌కు, గాలిమరకు అట్లా కాదు, ఇరవై ఏళ్ల పైబడి వచ్చే కరెంటు ఖర్చంతా మొదటి రోజే పెట్టేయాలి. నెలనెలా కిరాయి కట్టడానికీ, ఇల్లు కట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో దీనికీ దానికీ అంత తేడా. కాబట్టి మనకు అప్పు ఏ వడ్డీకి దొరికిందో దాన్ని బట్టే యూనిట్ ధర తేలుతుంది. ఎండ ఆ తర్వాత.

కాగితం మీద వేసి చూశాను, మీరూ వేసి చూడండి. మూడు కిలోవాట్ల సోలార్, ఖర్చు 2 లక్షలు అనుకుందాం, ఇరవై ఏళ్లలో తీర్చాలి. మన దగ్గర రోజుకు 12 యూనిట్ల లెక్కన ఏడాదికి 4,380 యూనిట్లు. ఏడాదికి 2 శాతం వడ్డీ అయితే ఏటా కట్టాల్సింది 12,200 రూపాయల చిల్లర, అంటే యూనిట్ 2 రూపాయల 80 పైసలు పడింది. అదే 12 శాతం అయితే ఏటా 26,800, యూనిట్ 6 రూపాయల 10 పైసలు. ఇక మన ఊళ్లల్లో నడిచే రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం, ఆ అప్పు తెచ్చి పెడితే ఏటా 48,600 పైన కట్టాలి, యూనిట్ 11 రూపాయలు దాటుతుంది. అదే ప్యానెల్, అదే డాబా, అదే ఎండ. ఇప్పుడు జర్మనీ లెక్క వేయండి. మూడు కిలోవాట్లకు 3,000 యూనిట్లే వస్తాయి, కానీ వడ్డీ 2 శాతం అయితే యూనిట్ 4 రూపాయల పది పైసల లోపే. అంటే మబ్బు దేశంలో తక్కువ వడ్డీకి పెట్టిన సోలార్, మండే ఎండలో 12 శాతం వడ్డీకి పెట్టిన సోలార్ కంటే చవక. ఈ లెక్కలో సామాను ధర రెండు చోట్లా ఒకటే అనుకున్నాను, రిపేర్లు కలపలేదు, కలిపినా విషయం మారదు. జర్మనీలో ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ఏళ్ల తరబడి ఇట్లాంటి పనులకు చౌక వడ్డీకి అప్పులిచ్చింది. ఆఫ్రికా దేశాలకు బయటి నుంచి అప్పు దొరకాలంటే రిస్కు పేరు చెప్పి వడ్డీ రెట్టింపు చేస్తారు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ. తేడా అక్కడే మొదలవుతుంది.

పేదవాడికి సోలార్ అక్కర్లేదని కొందరంటారు, అది కూడా తప్పే. బంగ్లాదేశ్‌లో 2003 నుంచి కరెంటు లైను లేని పల్లెల్లో చిన్న చిన్న ప్యానెళ్లు వాయిదాల మీద ఇచ్చారు, ఒక బ్యాటరీ, రెండు మూడు లైట్లు, ఫోన్ ఛార్జింగ్, 40 లక్షల ఇళ్ల పైన పెట్టుకున్నారు. కిరోసిన్‌కు పెట్టే డబ్బే వాయిదా కింద కట్టారు. ఆ తర్వాత ఊళ్లకు లైను వచ్చాక చాలామంది వాటిని పక్కన పెట్టారనుకోండి, అది వేరే కథ. కానీ వాళ్లకు చైతన్యం గురించి ఎవరూ క్లాసు తీసుకోలేదు, వాయిదా పద్ధతి సరిగ్గా పెట్టారు, అంతే.

అయితే బ్యాంకు తక్కువ వడ్డీకి ఎప్పుడిస్తుంది? డబ్బు తిరిగి వస్తుందని నమ్మకం ఉన్నప్పుడు. జర్మనీ 2000లో ఒక చట్టం చేసింది. ఎవరు సోలార్ పెట్టినా, గాలిమర పెట్టినా లైను వాళ్లు కనెక్షన్ ఇచ్చి తీరాలి, ఆ కరెంటును ముందు కొనాలి, ఇరవై ఏళ్లు ఒకే రేటు ఇవ్వాలి. రైతు ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు పోతే అదే జమానతు. కొట్టాల మీద, ధాన్యం గోదాముల మీద ప్యానెళ్లు లేచాయి. ఒక దశలో అక్కడి సోలార్, గాలి కరెంటులో దాదాపు సగం మామూలు జనం, రైతుల సొంతం. ఆ ఖర్చును 2022 దాకా వినియోగదారుల బిల్లుల్లో వేశారు, ఇప్పుడు అక్కడ ఇంటి కరెంటు యూనిట్ మన లెక్కలో 35 రూపాయల పైనే, మా వాడు నెల బిల్లు చూసి గీజర్ కట్టేస్తున్నాడు. అది భారం కాదని నేను అనను. కానీ రేటు ఎక్కువున్న చోట సొంత ప్యానెల్ పెట్టుకోవాలన్న కోరిక దానంతట అదే పుడుతుంది.

డెన్మార్క్ కథ మా వృత్తి వాళ్లు వినాల్సింది. 1973లో చమురు సంక్షోభం వచ్చేనాటికి ఆ దేశం వాడే ఇంధనంలో 90 శాతం పైన బయటి నుంచి తెచ్చుకునే చమురే. ఆదివారం కార్లు తిప్పొద్దని ఆంక్ష పెట్టేదాకా వచ్చింది. అప్పుడు గాలిమరల పని మొదలుపెట్టింది పెద్ద కంపెనీలు కావు. క్రిస్టియన్ రీసేగర్ అనే వడ్రంగి పాత లారీ సామాన్లతో, మామూలు ఇండక్షన్ మోటార్‌తో 22 కిలోవాట్ల గాలిమర తయారుచేసి లైనుకు కలిపాడు. నేను రోజూ చుట్టే రకం మోటారే అది. కరెంటు ఇస్తే తిరిగే మోటార్‌ను దాని మామూలు స్పీడు కంటే కొంచెం ఎక్కువ తిప్పితే అదే లైనుకు కరెంటు ఇస్తుంది, ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. మరి ఆయన గాలిమర పరిశ్రమకు దారి ఎందుకైంది, అదే చేయి అదే తెలివి ఉన్న మన మెకానిక్‌ది షాపులోనే ఎందుకు ఆగిపోయింది? అక్కడ లైనుకు కలపడానికి ఒప్పుకున్నారు, ఆ కరెంటుకు డబ్బు కట్టారు, ఊరివాళ్లు పది మంది కలిసి వాటాలేసుకుని ఒక గాలిమర పెట్టుకుంటే పన్నులో మినహాయింపు ఇచ్చారు. 2000లో కోపెన్‌హాగన్ ఒడ్డున సముద్రంలో మిడిల్‌గ్రున్డెన్ అని ఇరవై గాలిమరలు పెట్టారు, 40 మెగావాట్లు, అందులో సగం వాటా ఎనిమిది వేల మందికి పైగా ఉన్న ఒక సహకార సంఘానిది. తన వాటా ఉన్న గాలిమర చప్పుడు చేస్తే మనిషి సర్దుకుంటాడు, ఎవరో వచ్చి పెట్టిన దాని మీద కేసు వేస్తాడు. ఈ ఒక్క విషయం దగ్గరే ఎన్నో దేశాలు బోల్తాపడ్డాయి.

జర్మనీ, డెన్మార్క్ ధనిక దేశాలు, మనకెందుకు ఆ పోలిక అంటారా, ఉరుగ్వే చూడండి. దక్షిణ అమెరికాలో చిన్న దేశం, జనాభా 35 లక్షల లోపు. 2011 లెక్కల్లో మా ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా 34 లక్షల 88 వేలు, అంటే మా జిల్లా అంత దేశం. వాళ్లకు సొంత బొగ్గు లేదు, చమురు లేదు, ఉన్నది జలవిద్యుత్తు, వానలు పడకపోతే పక్క దేశం నుంచి కొనుక్కోవాలి. 2008లో ఒక ఇంధన విధానం పెట్టుకున్నారు, 2010లో అన్ని పార్టీలూ కూర్చుని దానికి ఒప్పుకున్నాయి. ప్రభుత్వం మారినా ఒప్పందం మారదన్న భరోసా దొరికింది. ప్రభుత్వ కరెంటు సంస్థే టెండర్లు పిలిచి ఇరవై ఏళ్ల ఒప్పందాలు రాసిచ్చింది. పదేళ్లు తిరిగేసరికి గాలిమరలే మూడో వంతు కరెంటు ఇస్తున్నాయి, వానలు బాగున్న ఏడాది 90 శాతానికి పైగా నీళ్లు, గాలి, ఎండ, కలప వ్యర్థాలు లాంటి వాటి నుంచే.

మాట తప్పితే ఏమవుతుందో స్పెయిన్‌ను చూస్తే తెలుస్తుంది. ముందు మంచి రేట్లు ఇస్తామని పిలిచి, అప్పుల సంక్షోభం వచ్చాక పాత ఒప్పందాల రేట్లు కూడా తగ్గించారు. పెట్టుబడి పెట్టినవాళ్లు అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రిబ్యునళ్లకెక్కారు. 2015లో సొంత ఇంటి సోలార్ వాడకం మీద కూడా ఛార్జీ వేశారు, జనం దానికి ఎండ పన్ను అని పేరు పెట్టారు, 2018లో తీసేశాక గానీ ఇళ్ల మీద ప్యానెళ్లు మళ్లీ లేవలేదు. అంత ఎండ ఉన్న దేశం చాలా ఏళ్లు పోగొట్టుకుంది. మన పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వం మారగానే పాత గాలి, సోలార్ ఒప్పందాల రేట్లు తగ్గించాలని పట్టుబట్టారు, అది హైకోర్టుకెళ్లి 2022లో ఒప్పందాలకు కట్టుబడాలని తీర్పు వచ్చింది. ఆ రేట్లు ఎక్కువా తక్కువా అన్న చర్చలోకి నేను పోను. కానీ మధ్యలో ఆ మూడేళ్లు బ్యాంకు మేనేజర్ ఏం ఆలోచించి ఉంటాడు? ఆ అనుమానం విలువే తర్వాత వచ్చినవాళ్ల వడ్డీలో కలుస్తుంది.

నార్వే, ఐస్‌లాండ్ పేర్లు కూడా మీ వ్యాసంలో ఉన్నాయి. వాళ్లది ఎక్కువగా ప్రకృతి ఇచ్చిన వరం. నార్వేకు కొండలు, నీళ్లు, ఐస్‌లాండ్‌కు నీళ్లతో పాటు భూమి లోపలి వేడి. దానికి చైతన్యంతో పని లేదు. చైనా సంగతి ఇంకో రకం, వాళ్లు దాన్ని పరిశ్రమగా చూశారు, ప్రపంచంలో తయారయ్యే ప్యానెళ్లలో 80 శాతం పైన అక్కడివే, 2024లో ఒక్క ఏడాదిలోనే 277 గిగావాట్ల సోలార్ పెట్టుకున్నారు. పక్కనే బొగ్గు ప్లాంట్లు కూడా కడుతున్నారు, అది కూడా చెప్పాలి.

బొగ్గు ఉన్న చోట బొగ్గును వదలడం మాటలు కాదు. పోలండ్‌లో గనుల చుట్టూ ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి, ఓట్లున్నాయి. మనకు సింగరేణి ఉంది, దాదాపు 40 వేల కుటుంబాలకు అదే అన్నం. మా చెల్లెల్ని దామరచర్ల మండలంలో ఇచ్చాం, వాళ్ల ఊరికి దగ్గర్లోనే వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు లేచింది. రాత్రి పూట ఎండ ఉండదు కాబట్టి అట్లాంటివి ఇంకా కొన్నాళ్లు నడుస్తాయి, కాదనను. కానీ ఒకసారి వేల కోట్లు పెట్టి కట్టాక దాని అప్పు తీరేదాకా దాని కరెంటే కొనాలి, ఆ మేరకు సోలార్‌కు చోటు తగ్గుతుంది. దేశాల మధ్య తేడాలో ఇది కూడా ఒక పెద్ద ముక్క, పాత పెట్టుబడి ఎవరికి ఎంత మిగిలి ఉందన్నది.

వైరు సంగతి చాలామంది మర్చిపోతారు. వియత్నాం 2017లో సోలార్‌కు మంచి రేటు ప్రకటించింది. 2018 దాకా వంద మెగావాట్ల లెక్కలో ఉన్న దేశం 2020 చివరికల్లా 16 గిగావాట్లు దాటింది. కానీ లైన్లు ఆ వేగంతో రాలేదు, ప్యానెళ్లు ఎక్కువ దక్షిణాన, కరెంటు కొరత ఉత్తరాన. మధ్యాహ్నం పూట వచ్చే కరెంటును ఆపేయమని చెప్పాల్సి వచ్చింది. మన రాజస్థాన్‌లోనూ లైన్లు అందక అదే బాధ పడ్డారు. డెన్మార్క్‌లో ఇవాళ సగం పైన కరెంటు గాలి నుంచి వస్తున్నా దీపాలు ఆరకపోవడానికి కారణం, గాలి ఎక్కువున్నప్పుడు మిగిలింది సముద్రం అడుగున వేసిన కేబుళ్ల మీద నార్వేకు పోతుంది, గాలి లేనప్పుడు నార్వే జలవిద్యుత్తు ఇటు వస్తుంది. మనకు నార్వే లేదు గానీ కృష్ణ ఉంది. శ్రీశైలం ఎడమ గట్టు పవర్‌హౌస్‌లో ఆరు యూనిట్లు, ఒక్కొక్కటి 150 మెగావాట్లు, అవి రెండు వైపులా తిరిగే మిషన్లు, కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడగలవు. సాగర్‌లో కూడా ఎనిమిదింటిలో ఏడు అట్లాంటివే. పగలు సోలార్‌తో నీళ్లు పైకి ఎక్కించి రాత్రి కిందికి వదిలితే అదే మన బ్యాటరీ. దశాబ్దాల కిందే కట్టి పెట్టుకున్న ఆస్తి అది. పాలమూరు కూలీలు చెమటోడ్చి దేశమంతా డ్యాములు కట్టారు, ఆ నీళ్ల పక్కన ఉన్న మన పాలమూరు, నల్లగొండ జిల్లాలే సోలార్‌కు అన్నిటికంటే అనువైన చోటు కావాలి.

ఇక మన దగ్గర జనం ఎందుకు ముందుకు రావట్లేదో సూటిగా చెప్తాను. బోరుకు కరెంటు ఉచితం, 2004 నుంచి. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. తెల్లకార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా ఉచితం. నేను దాన్ని తప్పు పట్టను, అది లేకపోతే మా రైతుల్లో సగం మంది వ్యవసాయం ఎప్పుడో మానేసేవాళ్లు. కానీ సున్నా రూపాయలకు వచ్చే కరెంటు పక్కన యూనిట్ మూడు రూపాయల సోలార్ ఎవరు పెట్టుకుంటారు? పెట్టుకోవాల్సిన అవసరం ఉన్నది ఎక్కువ రేటు కట్టే షాపులకు, మిల్లులకు, నెలకు 300, 400 యూనిట్లు కాల్చే ఇళ్లకు. వాళ్లు పెట్టుకుంటే డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, రాబడి తగ్గుతుంది, ఎందుకంటే తక్కువ రేటు వాళ్ల నష్టాన్ని పూడ్చేది ఆ ఎక్కువ రేటు వాళ్లే. కాబట్టి కరెంటు అమ్మేవాడికి ఇంటి సోలార్ అంటే ఉత్సాహం ఉండదు. ఇది మనుషుల తప్పు కాదు, లెక్క అట్లా ఉంది. పాకిస్తాన్‌లో దీనికి ఎదురు కథ నడిచింది. అక్కడ కరెంటు రేట్లు బాగా పెరిగి, కోతలు కూడా ఉండి, జనం విసిగిపోయి చైనా ప్యానెళ్లు కొనుక్కున్నారు. 2024లో దాదాపు 17 గిగావాట్ల ప్యానెళ్లు దిగాయి. ప్రభుత్వం పెద్దగా చేసింది లేదు, కరెంటు బిల్లే ప్రచారం చేసింది. కానీ డబ్బున్నవాళ్లు సోలార్‌కు వెళ్లిపోతే పాత లైన్ల ఖర్చంతా లేనివాళ్ల బిల్లుల మీద పడుతుంది, ఆ ప్రమాదం మనకూ ఉంది, ఇప్పటి నుంచే ఆలోచించాలి.

నా సొంత అనుభవం కూడా రాస్తాను. 2024లో కేంద్రం సూర్యఘర్ పథకం తెచ్చింది, మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ, బ్యాంకు వడ్డీ ఏడు శాతం అటూ ఇటూ. నేను పెట్టించుకున్నాను. బిగించడానికి రెండు రోజులు పట్టింది. మనం లైనుకు ఇచ్చిన కరెంటు, తీసుకున్న కరెంటు రెండూ లెక్కపెట్టే నెట్ మీటర్ రావడానికి మూడు నెలల పది రోజులు పట్టింది. ఒకసారి మీటర్లు లేవన్నారు, ఒకసారి ఫైల్ పైకి పోయిందన్నారు, ఒకసారి నా పేరులో ఇంటిపేరు ఆధార్‌లో ఒక రకంగా, బిల్లులో ఒక రకంగా ఉందన్నారు. ఆ ఎండాకాలం మొత్తం ప్యానెళ్లు డాబా మీద ఉత్తగా కాలుతున్నాయి, ఇటు బ్యాంకు వాయిదా మొదలైంది, అటు కరెంటు బిల్లు వస్తూనే ఉంది, మీటర్ పెడితే గానీ సబ్సిడీ పడదు. టెన్షన్ తట్టుకోలేక మా ఆవిడ చెవుల దిద్దులు బ్యాంకులో పెట్టాం. నేను కరెంటు పని తెలిసినవాణ్ని, ఏ కాగితం ఎవరి దగ్గర ఆగిందో అడగగలను. ఒక టీచర్ గారో, ఒక ముసలాయనో అయితే రెండో నెలకే విసిగిపోయి వద్దనేవారు. నన్ను చూసి పెట్టుకుందామనుకున్న మా వీధిలో ముగ్గురు ఆ మూడు నెలలు చూసి మానుకున్నారు. జర్మనీలో ప్లగ్గు పెట్టిన పూటే కరెంటు. తేడా ఇక్కడుంది సార్, జనం బుర్రలో లేదు. మీటర్ వచ్చాక నాకు బాగానే ఉంది, నెలకు 340, 350 యూనిట్లు వస్తున్నాయి, పదిహేను రోజులకోసారి పొద్దున్నే చల్లటి నీళ్లతో కడుగుతాను, కోతులు ఎక్కి దూకకుండా చుట్టూ మెష్ కట్టించాను.

భూమి సంగతి ఒకటి మిగిలింది. కర్ణాటకలో పావగడ అని మన లాగే కరువు సీమ, అక్కడ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. రైతుల దగ్గర భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 చొప్పున కౌలు మొదలుపెట్టి మధ్యమధ్య పెంచుకుంటూ పోతున్నారు. భూమి ఉన్నవాళ్లకు అది మేలే, వాన లేకపోయినా డబ్బు పడుతుంది. కానీ భూమి లేని కూలీలకు, మేకలు మేపుకునేవాళ్లకు ఏమీ రాలేదు, ఉన్న పని పోయింది. మన దగ్గర చేస్తే అది గుర్తుపెట్టుకుని చేయాలి. నన్నడిగితే వేల ఎకరాల పార్కు కంటే ఊరి సబ్‌స్టేషన్ పక్కన నాలుగెకరాల్లో ఒక మెగావాట్, దాంతో ఆ సబ్‌స్టేషన్ నుంచి పోయే లైను, అంటే ఫీడర్, మీదున్న బోర్లకు పగటి పూట కరెంటు, ఇది మంచిది. కరెంటు దూరం నుంచి రావాల్సిన పని లేదు, చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వోల్టేజీ నిలబడుతుంది, నా షాపుకు వచ్చే కాలిన మోటార్లు తగ్గుతాయి. తగ్గితే నాకు గిరాకీ పోతుంది, పోనీయండి, బత్తాయి చెట్టు బతుకుతుంది. రైతుల సోలార్ కోసం కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకంలో రైతులే అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా పెట్టుకోవచ్చని 2019లో చెప్పారు. ఒక మెగావాట్‌కు ఎంత లేదన్నా మూడున్నర, నాలుగు కోట్లు కావాలి. ఆ అప్పు రైతుకు ఎవరిస్తారు, ఏ వడ్డీకి ఇస్తారు, మళ్లీ అక్కడికే వచ్చాం.

మా షాపుకు వచ్చే ఒక పెద్దాయనకు సబ్‌స్టేషన్‌కు కిలోమీటర్ దూరంలో నాలుగెకరాలుంది. ఐదు బోర్లు వేశాడు, నాలుగు ఎండిపోయాయి, బత్తాయి తోట పోయిన ఏడాది కొట్టేశాడు, మొద్దులు ఇంకా గట్టు మీదే ఉన్నాయి. ఊళ్లో ఆరుగురు కలిసి సోలార్ పెడదామని నేనే కదిలించాను. అంతా విన్నాడు. ప్యానెళ్ల గురించి అడగలేదు, పర్యావరణం గురించి అడగలేదు. "తమ్మీ, కరెంటు కొన్నంక పైసలు ఏ తారీఖున పడ్తయ్? ఇరవై అయిదేండ్లు పడ్తయని ఎవలు రాసిస్తరు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

సార్, మీ విలేకర్లు సంబంధిత శాఖను ఈ రెండు ప్రశ్నలూ అడిగి, వాళ్లు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు మీ పత్రికలో వేయండి. డబ్బు ఏ తేదీకి పడుతుంది, ఇరవై అయిదేళ్లు పడుతుందని ఎవరు రాసిస్తారు. ఆలస్యమైతే వడ్డీ ఎవరు కడతారన్నది కూడా అడగండి. నేను ఆ పేపర్ ముక్క కత్తిరించి షాపులో మోటార్ల పైన గోడకు అంటిస్తాను, ఆయన వచ్చి చదువుకుంటాడు.

ఇట్లు,
మీ పాఠకుడు, మోటార్ వైండింగ్ మెకానిక్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా